రాయిలో పొటాష్ ఉంది, మరి పంటకు వస్తదా? ఫెల్డ్‌స్పార్ పొడి గురించి లెక్కతో సహా



ఈ మధ్య వస్తున్న ఫోన్లలో సగం ఒకే ప్రశ్న మీద. "అన్నా, ఆర్గానిక్ పొటాష్ అని రాతి పొడి అమ్ముతున్నరు. మందు కాదు, ఉత్త రాయే అంటున్నరు. ఎయ్యొచ్చా?" సంచి ఫొటో పంపమంటే పంపుతారు. దాని మీద "సహజ ఖనిజ పొటాష్" అని, కింద చిన్న అక్షరాల్లో "మొత్తం పొటాష్ 11 శాతం" అని ఉంటుంది. ఆ పొడి దాదాపు అన్నిసార్లూ ఫెల్డ్‌స్పారే. పైన ఉన్న వీడియోలో రాళ్లను చేతిలో పట్టుకుని చూపించాను. కానీ లెక్కలు వీడియోలో చెప్తే ఎవరికీ గుర్తుండవు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట. నేను కూడా ఘన జీవామృతం, వర్మీ కంపోస్టు అమ్ముకునే మనిషినే. నా మాటను కూడా లెక్క చూసుకున్నాకే నమ్మండి.

ఇంతకీ ఆ రాయి ఏది?

మీ ఊరి గుట్ట మీద ఉన్నదే. తెలంగాణలో, రాయలసీమలో మనం గుండ్లు అని పిలిచే పెద్ద పెద్ద బండరాళ్లు చాలావరకు గ్రానైటు, దాని జాతి రాళ్లు. భూమి లోపల కరిగిన శిల చల్లారి గట్టిపడితే ఏర్పడేది గ్రానైటు. అందుకే దాన్ని అగ్నిశిల అంటారు. మన ప్రాంతంలో వీటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఒక ముక్క పగలగొట్టి ఎండలో తిప్పి చూడండి. మూడు రకాల గింజలు కనిపిస్తాయి. పగిలిన సీసా పెంకులా మెరిసే బూడిద రంగు గింజ క్వార్ట్జ్, అంటే మన పలుగు రాయి. నల్లగా పొరలు పొరలుగా, గోటితో గీకితే రేకులు లేచేది అభ్రకం, మన కాకిబంగారం. ఇక గులాబీ రంగులోనో, తెల్లగానో ఉండి, తిప్పినప్పుడు చిన్న అద్దం ముక్కలాగా ఒక్కసారి తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. ఆ తళుకు ఎందుకంటే అది ఎక్కడ పడితే అక్కడ పగలదు, చదునైన పలకల్లాగే పగులుతుంది.

వంటింట్లో వేసే టాన్ బ్రౌన్ గ్రానైటు చూసే ఉంటారు, కరీంనగర్ వైపు నుంచి వచ్చేది. అందులో గోధుమ ఎరుపులో కనిపించే పెద్ద మచ్చలన్నీ పొటాష్ ఫెల్డ్‌స్పారే. రోజూ దాని మీదే కూరగాయలు తరుగుతున్నాం.

ఫెల్డ్‌స్పార్ ఒక్కటి కాదు, ఒక కుటుంబం. భూమి పైపొరలో సగానికి పైగా ఈ కుటుంబమే. అందులో పొటాషియం ఉన్న రకానికి పాఠ్యపుస్తకాల్లో పేరు ఆర్థోక్లేజ్. గ్రీకు భాషలో "నిటారుగా పగిలేది" అని అర్థం, దాని రెండు పగులు పలకలు సరిగ్గా 90 డిగ్రీల్లో కలుస్తాయి కాబట్టి. మన పాత గ్రానైట్లలో దీని తోబుట్టువు మైక్రోక్లైన్ ఎక్కువ. రెండింటిలో ఉన్న సరుకు ఒకటే, లోపలి అమరికలోనే కొంచెం తేడా. రైతుకు రెండూ ఒకటే. ఆ సరుకు ఏమిటంటే పొటాషియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్. పూర్తి స్వచ్ఛమైన ఖనిజంలో పొటాషియం సుమారు 14 శాతం. ఎరువుల సంచి మీద వాడే లెక్కలో, అంటే పొటాష్‌గా చెప్తే, దాదాపు 17 శాతం. గనిలోంచి వచ్చే సరుకులో పలుగు రాయి, సోడియం ఫెల్డ్‌స్పార్ కలిసి ఉంటాయి కాబట్టి 10 నుంచి 12 శాతం మామూలు. కాబట్టి సంచి మీద 11 శాతం అని రాసింది అబద్ధం కాదు. అసలు తంటా ఇక్కడే ఉంది.

దేశంలో ఫెల్డ్‌స్పార్ ఎక్కువగా తవ్వే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, రాజస్థాన్ ముందుంటాయి. గూడూరు ప్రాంతంలో అభ్రకం గనుల వెంట కూడా ఇదే దొరుకుతుంది. తవ్విందంతా టైల్సుకు, శానిటరీ సామానుకు, గాజుకు పోతుంది. కొలిమిలో మట్టి తక్కువ వేడికే కరిగి అతుక్కోవడానికి ఇది పనికొస్తుంది. పింగాణీ కప్పు మీద ఆ నునుపు దీని పుణ్యమే. మరి అంత వేడి పెడితే తప్ప లొంగని రాయి, మన చేలో ఇంత నీళ్లకే లొంగుతుందా?

రాయి మట్టి కావడం

లొంగుతుంది, కానీ దాని తీరిక దానిది. వాన నీటిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి పలుచటి ఆమ్లం అవుతుంది. మట్టిలో వేర్లు, సూక్ష్మజీవులు ఊపిరి వదలడం వల్ల ఆ ఆమ్లం ఇంకా పెరుగుతుంది. ఈ ఆమ్లం ఫెల్డ్‌స్పార్ మీద పని చేస్తే మూడు వస్తాయి. పొటాషియం నీటిలోకి వస్తుంది. కొంత సిలికా కరిగి వస్తుంది, అది వరి కాడకు గట్టిదనం ఇచ్చేదే. మిగిలింది తెల్లటి మెత్తటి బంకమన్ను, కేయొలినైట్ అంటారు, మన భాషలో సుద్ద. బావి తవ్వేటప్పుడు మొరం కింద తెల్లటి సుద్ద పొర తగిలితే, అది ఒకప్పుడు ఫెల్డ్‌స్పార్ అయి ఉండవచ్చని అర్థం చేసుకోండి. అక్కడక్కడా రాయి ఆకారం అలాగే ఉంటుంది, గోటితో గీకితే మాత్రం పొడి రాలుతుంది. రాయి చచ్చిపోయి ఆకారం మిగిలిందన్నమాట.

అన్ని ఖనిజాలూ ఒకే వేగంతో మట్టి కావు. అగ్నిశిలల్లో ఏది ముందు శిథిలమవుతుంది, ఏది చివరిదాకా నిలుస్తుంది అని 1938లో గోల్డిచ్ అనే శాస్త్రవేత్త ఒక వరుస రాశారు. నల్ల అభ్రకం ముందే పోతుంది. పొటాష్ ఫెల్డ్‌స్పార్ చాలా వెనక. దాని తర్వాత మిగిలేవి తెల్ల అభ్రకం, పలుగు రాయి మాత్రమే. అంటే సంచిలో మనకు అమ్ముతున్నది, గ్రానైటులో మొండి రాళ్ల జాబితాలో చివరి నుంచి మూడోది.

ఎంత మొండిది? ప్రయోగశాలలో కొలిచిన వేగాలను పట్టి లెక్క కడితే, ఒక మిల్లీమీటరు ఫెల్డ్‌స్పార్ గింజ పూర్తిగా కరగడానికి లక్షల సంవత్సరాలు పడుతుంది. "మేం 200 మెష్‌కు మెత్తగా చేశాం" అంటారు అమ్మేవాళ్లు. మెత్తగా చేస్తే నిజంగానే వేగం పెరుగుతుంది. 200 మెష్ అంటే 0.075 మిల్లీమీటరు, గింజ పదమూడు రెట్లు చిన్నదైంది. లక్షల ఏళ్లు కాస్తా పదివేల ఏళ్లలోకి వస్తుంది. వేర్ల ఆమ్లాలు, సూక్ష్మజీవులు కలిసి ఇంకా పది రెట్లు తొందర పెట్టాయనుకుందాం. అయినా వేల ఏళ్ల లెక్కే. మన పంట కాలం నాలుగు నెలలు.

నేలలో పొటాష్ ఎక్కడెక్కడ దాగుంటుంది

దీన్ని నేను డబ్బుతో పోల్చి చెప్తుంటా. మట్టి నీటిలో కరిగి ఉన్న పొటాషియం జేబులో చిల్లర. బంకమట్టి రేణువుల మీద అంటుకుని ఉన్నది బ్యాంకు ఖాతా, వేరు అడిగితే వస్తుంది. అభ్రకం లాంటి మట్టి పొరల మధ్య ఇరుక్కున్నది ఫిక్స్‌డ్ డిపాజిట్, ఆలస్యంగా వస్తుంది. ఫెల్డ్‌స్పార్‌లో ఉన్నది కోర్టు కేసులో ఉన్న తాతల భూమి. పట్టా మన పేరు మీదే ఉంటుంది, ఈ కారు పంటకు మాత్రం పనికి రాదు. నేలలో ఉన్న మొత్తం పొటాషియంలో 90 శాతం పైన ఈ చివరి లెక్కలోనే ఉంటుంది. జేబు, బ్యాంకు కలిపితే ఒకటి రెండు శాతమే. భూసార పరీక్షలో వచ్చే పొటాష్ అంకె కూడా జేబు, బ్యాంకు మాత్రమే. హెక్టారుకు 108 కిలోల లోపు ఉంటే తక్కువ, 280 దాటితే ఎక్కువ అని సాధారణంగా లెక్క వేస్తారు. కొన్ని ల్యాబులు కొంచెం వేరే హద్దులు వాడతాయి, రిపోర్టు అడుగున చూసుకోండి.

ఇప్పుడు ఎకరం లెక్క చూద్దాం. ఎకరంలో పైన ఆరు అంగుళాల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. గ్రానైటు నుంచి పుట్టిన ఎర్ర చెల్కలో మొత్తం పొటాషియం ఒక శాతం ఉందనుకుంటే, 9 వేల కిలోలు మన కాళ్ల కిందే ఉన్నాయి. మీ చెల్క మట్టి గుప్పెడు తీసుకుని గాజు గ్లాసులో నాలుగైదు సార్లు కడగండి. బురద పోయాక అడుగున మిగిలిన ఇసుకను భూతద్దంతో చూడండి. అద్దంలా ఉన్నవి పలుగు గింజలు, మొద్దుగా గులాబీ తెలుపులో ఉన్నవి ఫెల్డ్‌స్పార్ గింజలు. ఆ సంచిలో అమ్మేది ఇదే సరుకు, కొంచెం మెత్తగా.

ఎకరానికి నాలుగు బస్తాలు, 200 కిలోలు వెయ్యమంటారు. 11 శాతం పొటాష్ అంటే 22 కిలోలు, పొటాషియంగా చూస్తే 18 కిలోలు. తొమ్మిది వేల కిలోల రాతి పొటాషియం ఉన్న చేలో ఇంకో 18 కిలోల రాతి పొటాషియం కలుపుతున్నాం. చెరువులో చెంబు నీళ్లు పోసినట్టు. సరే, చాలా ఉదారంగా, ఏడాదికి ఒక శాతం కరిగి పంటకు అందిందనుకుందాం. 18 కిలోల్లో ఒక శాతం అంటే 180 గ్రాములు. అంత పొటాషియం ఐదారు కిలోల కట్టెల బూడిదలో ఉంటుంది. పొయ్యిలోంచి గంపెడు బూడిద తీసుకెళ్లి చల్లితే అయిపోయే పనికి నాలుగు బస్తాలు, ఒక ట్రాలీ కిరాయి, ఇద్దరు కూలీలు.

ఇది రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు. కానీ ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చేవాళ్లు అసలు వచ్చేదే ఖర్చు తగ్గించుకోవడానికి. రసాయన ఎరువు బస్తా మానేసి దాని స్థానంలో రాతి పొడి బస్తా మోస్తే ఏం మిగిలినట్టు?

నల్ల రేగడి వాళ్లకు ఇంకో మాట

వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ వైపు నల్ల రేగడి లావా చల్లారిన బసాల్టు రాయి నుంచి పుట్టింది. అందులోనూ ఫెల్డ్‌స్పార్ ఉంది, కానీ ఎక్కువగా కాల్షియం రకం, ప్లేజియోక్లేజ్. అది పొటాష్ ఫెల్డ్‌స్పార్ కన్నా ఎంతో తొందరగా శిథిలమవుతుంది. రేగడికి ఆ సున్నం గుణం రావడంలో దాని పాత్ర ఉంది. రేగడి బంకమట్టికి పోషకాలను పట్టుకునే శక్తి కూడా ఎక్కువ, అంటే బ్యాంకు ఖాతా పెద్దది. చాలా రేగడి నేలల్లో పరీక్ష చేస్తే పొటాష్ ఎక్కువనే వస్తుంది. అలాంటి వాళ్లకు ఈ పొడి అసలే అక్కర్లేదు. నిజంగా పొటాష్ కొరత పడేది దుబ్బ నేలలకు, కోస్తా ఇసుక నేలలకు, ఏళ్ల తరబడి అరటి, చెరకు, కూరగాయలు వేసి గడ్డి గాదం ఏదీ తిరిగి వెయ్యని చెల్కలకు.

పక్క మాటగా ఇంకొకటి. కొన్ని గ్రానైటు ప్రాంతాల్లో బోరు నీళ్లు సోడా నీళ్లలా ఉండి నేల చౌడు కావడానికి ఈ కుటుంబంలోని సోడియం ఫెల్డ్‌స్పారే ఒక కారణం. అది కరిగితే సోడియం బైకార్బనేట్ వస్తుంది. రాయి కరిగితే అంతా మంచే జరుగుతుందని అనుకోవద్దు.

రాతి పొడి కొత్త ఆలోచన కాదు

జర్మనీలో జూలియస్ హెన్సెల్ అనే ఆయన 1890ల్లోనే రాతి పిండితో వ్యవసాయం చెయ్యొచ్చని పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో పొటాష్ ఉప్పు గనులు ఉన్నది కూడా జర్మనీలోనే, ప్రపంచమంతా అక్కడి నుంచే కొనేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలై ఆ సరఫరా ఆగిపోతే అమెరికా వాళ్లు ఫెల్డ్‌స్పార్ నుంచి పొటాష్ తీయాలని చాలా తిప్పలు పడ్డారు. పొడి చేశారు, సున్నంతో కాల్చారు, ఆమ్లాలు పోశారు. యుద్ధం అయిపోయి జర్మనీ పొటాష్ మళ్లీ వచ్చేసరికి ఖర్చు గిట్టక వదిలేశారు. ఉత్త పొడి చల్లితే సరిపోయేదే అయితే వాళ్లు కొలిములు పెట్టేవాళ్లు కాదు కదా.

మరోవైపు బ్రెజిల్ ఉంది. మనలాగే వాళ్లూ పొటాష్ చాలావరకు దిగుమతి చేసుకుంటారు. 2013లో నేలకు ఖనిజాలు చేర్చే రాతి పొడులను తమ ఎరువుల చట్టంలోకి తెచ్చారు. ఇదే చూపించి మన దగ్గర అమ్ముతుంటారు. కానీ అక్కడ పేరున్న పొడులు ఫోనొలైట్, నల్ల అభ్రకం ఉన్న రాళ్లు లాంటివి, త్వరగా శిథిలమయ్యే ఖనిజాలు ఉన్నవి. దగ్గరి క్వారీ నుంచి తక్కువ ధరకు తెచ్చి, టన్నుల లెక్కన వేస్తారు. సంచిలో కట్టి కిలో లెక్కన కొనే ఫెల్డ్‌స్పార్ పొడికి ఆ ఉదాహరణ అతకదు.

జీవామృతం రాయిని కరిగిస్తుందా?

సుభాష్ పాలేకర్ గారు భూమిలో అన్నీ ఉన్నాయి, సూక్ష్మజీవులు వాటిని వేరుకు అందిస్తాయి అని చెప్తారు. పొటాష్ విషయంలో ఈ మాట మొదటి సగం అక్షరాలా నిజమని పై లెక్కే చెప్తోంది. రెండో సగం కొంత నిజం. కొన్ని బ్యాక్టీరియా, బూజులు సిట్రిక్, ఆక్సాలిక్ లాంటి ఆమ్లాలు వదిలి రాతి గింజల అంచులను తింటాయి. ఫ్రాట్యూరియా అనే బ్యాక్టీరియాను పొటాష్ జీవన ఎరువుగా అమ్ముతున్నారు కూడా. అవి ఎక్కువగా పని చేసేది అభ్రకం పొరల మీద, బంకమట్టి మీద. అంటే కోర్టు కేసు భూమి కంటే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను తెరవడంలో వాటి గొప్పతనం. అది తక్కువ పనేం కాదు. పంటకు పంటకు మధ్య నేల ఖాళీగా లేకుండా, పచ్చిరొట్ట, ఆచ్ఛాదన ఉంటే ఈ పని ఏడాదంతా జరుగుతుంది. ఇక జీవామృతంలో పోసే గోమూత్రంలోనూ, పేడలోనూ పశువు తిన్న గడ్డి నుంచి వచ్చిన పొటాషియం ఉంది. అది నేరుగా జేబులోకి వచ్చే చిల్లర.

అయితే తీసుకున్నంత తిరిగి వెయ్యకుండా, సూక్ష్మజీవులే చూసుకుంటాయని వదిలేస్తే చెల్క నేలలు నిలబడవు. ఈ విషయంలో నాకూ కొందరు ప్రకృతి వ్యవసాయ మిత్రులకూ పడదు. పడకపోయినా లెక్క లెక్కే.

గడ్డి అమ్మి రాయి కొనడం

వరి తీసుకునే పొటాషియంలో ఎక్కువ భాగం గింజలోకి పోదు, గడ్డిలోనే ఉంటుంది. ఎండు వరిగడ్డిలో పొటాషియం సుమారు ఒకటిన్నర శాతం. ఎకరానికి రెండు టన్నుల గడ్డి వచ్చిందనుకుంటే అందులో 30 కిలోల పొటాషియం ఉంది. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ లెక్కలో 60 కిలోలు, బస్తా కన్నా ఎక్కువ. ఆ గడ్డిని బేలర్ వాడికి అమ్మేస్తున్నాం, లేదా కాల్చేస్తున్నాం. కాల్చినా పొటాషియం బూడిదలో ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ మొదటి గట్టి వానకు ఆ బూడిద కాలవలోకి పోతుంది. మిగతా కర్బనం, నత్రజని పొగలో పోయాయి. కోత మెషిన్ గడ్డిని చిన్న ముక్కలుగా చెయ్యకపోతే దమ్ములో ఇబ్బందే, కాదనను. కనీసం సగం గడ్డి పశువుల కిందో, కంపోస్టు గుంటలోకో పోయి తిరిగి చేలోకి రావాలి. గడ్డిలో ఉన్న పొటాషియానికి రాతితో పని లేదు, గడ్డి తడిస్తే చాలు, అది కారి మట్టిలోకి వచ్చేస్తుంది.

అరటి బోదె, పత్తి కట్టె, గ్లిరిసిడియా కొమ్మలు, పొద్దుతిరుగుడు కాడలు ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. గట్ల మీద గ్లిరిసిడియా, కానుగ పెంచమని ఎందుకు చెప్తానంటే, వాటి వేర్లు మన పంట వేరు చేరని లోతులో మొరంలోకి పోయి అక్కడ శిథిలమవుతున్న రాతి నుంచి పొటాషియం లాగి ఆకులో పెడతాయి. ఆకు కోసి చేలో వేస్తే చాలు. ఫెల్డ్‌స్పార్‌ను వాడుకునే సరైన పద్ధతి నాకు తెలిసి ఇదే, చెట్టుతో తవ్వించుకోవడం.

దీనికంటే పెద్ద పద్ధతి మన పెద్దలకు తెలుసు. చెరువు మట్టి. గుట్టల మీద, చెల్కల్లో వేల ఏళ్లుగా శిథిలమైన ఫెల్డ్‌స్పార్, అభ్రకం నుంచి వచ్చిన మెత్తటి బంకంతా వానకు కొట్టుకొచ్చి చెరువు అడుగున చేరుతుంది, దానితో పాటు ఆకు అలము, పశువుల పేడ. అంటే పదివేల ఏళ్ల పని ప్రకృతి ముందే చేసి, ఊరి పక్కన కుప్ప పోసి పెట్టింది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక తీసి చాలామంది రైతులు చేలకు తోలుకున్నారు. చెల్కలో దాని ఫలితం చూసినవాళ్లకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు. పొటాష్ ఒక్కటే కాదు, ఆ బంక వల్ల దుబ్బ నేలకు నీటిని, పోషకాన్ని పట్టుకునే శక్తి వస్తుంది, బ్యాంకు ఖాతా సైజు పెరుగుతుంది. నాలుగు బస్తాల రాతి పొడి డబ్బుతో దగ్గర్లో చెరువు ఉంటే ఎన్ని ట్రాక్టర్లు తోలుకోవచ్చో మీ ఊరి కిరాయితో మీరే లెక్క వేసుకోండి. ఒక జాగ్రత్త, పట్టణం మురుగు కలిసే చెరువు మట్టి మాత్రం పరీక్ష చెయ్యకుండా తేవద్దు.

లోపలి మట్టి పైకి తెచ్చి వేసే పద్ధతితో పద్మశ్రీ చింతల వెంకట్ రెడ్డి గారు చాలామందికి తెలుసు. "అదీ ఇదీ ఒకటే కదా" అని అడుగుతున్నారు. కాదు. లోపలి మట్టిలో సగం శిథిలమైన ఖనిజాలు, బంక, అభ్రకం అన్నీ కలిసి ఉంటాయి. సంచిలోది శిథిలం కాని, తాజాగా పగలగొట్టిన గట్టి రాయి. రెండింటికీ పోలిక లేదు.

అయినా కొనాలనుకుంటే ఇవి అడగండి

"మొత్తం పొటాష్" ఎంత అని కాదు, "నీటిలో కరిగే పొటాష్ ఎంత, పంటకు అందే పొటాష్ ఎంత" అని అడగండి. ల్యాబు రిపోర్టులో ఈ రెండు వరుసలు లేకపోతే ఆ రిపోర్టు టైల్స్ ఫ్యాక్టరీ కోసం చేయించినది అయి ఉంటుంది.

పరీక్షకు ఒక చెంచా పొడి గ్లాసు నీళ్లలో వేసి బాగా కలిపి రాత్రంతా ఉంచండి. ఫెల్డ్‌స్పార్ అయితే మొత్తం అడుగున పేరుకుంటుంది. సగం మాయమైతే అందులో ఉప్పు ఎరువు ఏదో కలిసింది. "వేసిన పది రోజులకే ఆకు రంగు తిరిగింది" అని ఎవరైనా చెప్తే నాకు ముందు వచ్చే అనుమానం ఇదే. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, శాంపిల్‌లో దొరికితే సర్టిఫికెట్టే పోతుంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఏ పొడి అయినా తమ ధ్రువీకరణ సంస్థను రాతపూర్వకంగా అడిగాకే వెయ్యండి. నిమ్మరసం నాలుగు చుక్కలు వేస్తే బుసబుస పొంగితే అందులో సున్నపురాయి ఉంది, ఫెల్డ్‌స్పార్ అలా పొంగదు.

పరీక్షలో పొటాష్ నిజంగా తక్కువ వచ్చి ఈ కారుకే కావాలంటే, చెరకు మొలాసిస్ డిస్టిలరీల బూడిద నుంచి తీసే పి.డి.ఎం. అనే పొటాష్ ఉంది, కనీసం 14.5 శాతం. అది నీటిలో కరిగే రకం. కట్టెల బూడిద ఉండనే ఉంది. కానీ బూడిద క్షార గుణం, చౌడు నేలకు వద్దు, ఎకరానికి యాభై కిలోలు దాటించకుండా కంపోస్టులో కలిపి వేసుకోవడం నా అలవాటు.

ఇప్పటికే కొని షెడ్డులో పెట్టుకున్నవాళ్లు పారేయకండి. చేలో మాత్రం చల్లకండి, పెంట దిబ్బలోకి వెయ్యండి. ట్రాక్టర్ పెంటకు ఒక బస్తా, పొరలు పొరలుగా, పైన జీవామృతం తడుపు. కుళ్లే పెంటలో పుట్టే ఆమ్లాలకు చేలో కంటే అక్కడ పని చేసే బలం ఎక్కువ. అభ్రకం వ్యర్థాన్ని ఇలా కంపోస్టులో కలిపి ఎరువుగా మార్చే పద్ధతి మీద మన దేశ శాస్త్రవేత్తలు పని చేశారు కూడా. ఫెల్డ్‌స్పార్‌కు అంత ఫలితం రాదు, కొంత వస్తుంది. మీ దగ్గర క్రషర్ ఉండి, నల్ల అభ్రకం బాగా ఉన్న రాతి దుమ్ము ఊరికే దొరికితే కొన్న పొడి కంటే అదే నయం.

చివరిగా ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఈ పొడిలో పలుగు రాయి కలిసి ఉంటుంది. మెత్తటి పలుగు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. రాయి పిండి చేసే మిల్లుల్లో పని చేసిన కూలీలు చిన్న వయసులోనే ఈ జబ్బుతో మంచం పట్టిన ఊళ్లు మన దేశంలో ఉన్నాయి. చేలో ఒక రోజు చల్లితే అంత ప్రమాదం లేకపోవచ్చు, కానీ గాలికి ఎదురుగా నిలబడి చేత్తో విసిరే పని కూలీలతో చేయించకండి. మూతికి తువ్వాలు చాలదు, దుమ్ము మాస్కు కావాలి. సంచి విప్పగానే నీళ్లు చల్లి ముద్దగా చేసుకుని దిబ్బలోకి వేస్తే దుమ్ము లేవదు. పిల్లలను ఆ దగ్గరికి రానివ్వద్దు.

మీ భూసార పరీక్ష రిపోర్టులో పొటాష్ అంకె, నేల రకం, గత మూడేళ్ల పంటలు, గడ్డి ఏం చేశారు అన్నది వీడియో కింద రాయండి. ఒక్కొక్కరిది లెక్క వేసి జవాబు పెడతాను. చెరువు మట్టి ఏ లోతు నుంచి తీయాలి, ఎకరానికి ఎంత అన్నది వచ్చే వీడియోలో చూపిస్తాను.